నేను ఎత్తగలిగిన బ్యాటరీ

“మోటరు ఏడాదికి ఎన్నిసార్లు ఇల్లు దాటుతదో మీ నాయిననడుగుండ్రి. గంతమాత్రానికి లారీకి పెట్టేటంత బాట్రీ ఎందుకట?”

“అరేయ్, చెప్పు నీ పెండ్లానికి. పెద్దది తెస్తే మోటరుకు మోటరైతది, రేడియోకు రేడియో ఐతది. ఒక్కటే ఖర్చు.”

“గదే నేనంటున్న. ఉన్న బాట్రీని మింగింది రేడియోనే. కొత్తదాన్ని గూడ దాని నోట్లనే పెడ్తరా అని అడుగుండ్రి.”

“రేడియో మింగలేదు. ఊకె పెట్టినందుకు సచ్చింది. పనిలేక కూసుంటే నేను సావనా? గట్లనే అదీ సచ్చింది. చెప్పురా!”

నడుమ కూర్చున్న మా ఆయన జొన్నరొట్టె తుంచి పప్పులో అద్దుకుంటూ అటు ఒకసారి, ఇటు ఒకసారి చూశాడు. “ఇద్దరికి ఇద్దరి మాటా ఇనబడ్డది గదా, మల్ల నేనెందుకు చెప్పాలె?” అన్నాడు.

“నీ పని నువ్వు చెయ్యి” అన్నాడు మామ.

మామ వాకిట్లో మంచం మీద, నేను వంటింటి దర్వాజ వెనుక. ఆ కాలంలో మా వైపు కోడలు మామతో ఎదురుపడి మాట్లాడేది కాదు. మామ కూడా కోడలిని పిలిచి ఏమీ అడిగేవాడు కాదు. ఏ మాటైనా నడుమ ఇంకో మనిషి మీదుగా పోవాలి. అప్పటికి నేను ఇద్దరు పిల్లల తల్లిని. అత్త పోయాక తాళాల గుత్తి నా కొంగుకు చేరింది, గరిసెలో గింజలు నా చేతి కిందికి వచ్చాయి, మామతో మాట మాత్రం రాలేదు. మా ఆయన ఇంట్లో ఉంటే ఆయన మీదుగా మాట్లాడేదాన్ని. లేనప్పుడు దర్వాజకు చెప్పేదాన్ని. “నీళ్లు కాగినయి, సల్లారక ముందే పోసుకుంటే మంచిది” అని దర్వాజతో అంటే, మామ ఒకసారి దగ్గి లేచి స్నానానికి పోయేవాడు. మాట చేరిందనడానికి ఆ దగ్గే గుర్తు.

ఇప్పటి పిల్లలు ఇది విని నవ్వుతారు. నవ్వనీ. నాకు అందులో ఒక సౌకర్యం ఉండేది. మనిషి ముఖం చూస్తూ అనలేని మాటను దర్వాజతో గట్టిగా అనవచ్చు. దర్వాజ కోపగించుకోదు.

“చిన్న బాట్రీ సెల్ఫు కొట్టదు” అన్నాడు మామ మళ్లీ. “మోటరు ముందర హ్యాండిల్ పెట్టి తిప్పాలె. ఎవడు తిప్పుతడు?”

“నేను తిప్పుత నాయినా. ఇన్నొద్దులు తిప్పింది నేనే గదా” అన్నాడు మా ఆయన.

“నువ్వు ఇంట్ల లేనినాడు?”

“మీ కొడుకు యాడికి పోతడని అడుగుండ్రి” అన్నాను నేను.

మామ తువ్వాలు దులిపి మంచం మీద ఒరిగాడు. నేను గెలిచాననుకున్నాను. నిజానికి ఆ రోజుల్లో ఇంట్లోని మగవాడు ఎప్పుడు ఎటు పోతాడో, ఎవరు తీసుకుపోతారో చెప్పగలిగిన వాళ్లు మా ఊరిలో ఎవరూ లేరు.

మాది దేవరకొండకు దిగువన ఒక మెట్ట ఊరు. మిలిట్రీ వచ్చి నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడాది అది. రజాకార్లు మాయమయ్యారు కాని ఊరు కుదుటపడలేదు. గుట్టల్లో సంఘం దళాలు ఉండేవి. రోడ్డు మీది ఊరి బడిలో మిలిట్రీ క్యాంపు ఉండేది. రాత్రి ఎవరో రోడ్డుకు అడ్డంగా చెట్లు కొట్టి పడేసేవారు. క్యాంపు వాళ్లు వచ్చి చేతికి దొరికిన మగవాళ్లను ఆ చెట్లు తొలగించడానికి తోలుకుపోయేవారు. దీపాలు పెట్టాక ఏ బండీ రోడ్డెక్కకూడదని హుకుం. ఎక్కితే కాలుస్తారని అనేవారు. నిజమో కాదో చూడటానికి ఎవరూ ఎక్కలేదు.

మామ గడీ దొర కాదు. మెట్ట వ్యవసాయం, దానితోపాటు వేరుశనగ కొని దేవరకొండకు పంపే చిన్న బేరం. నల్గొండలో ఒక వకీలు మకాం ఎత్తేస్తూ అమ్ముకున్న పాత మోటరు కారును ఎందుకో ముచ్చటపడి కొన్నాడు. నడపడం నేర్చుకున్నాడు. కాని కొన్నప్పటి నుంచి దాన్ని నడిపిన రోజుల కంటే దాచిన రోజులే ఎక్కువ. రజాకార్ల కాలంలో చక్రాలు విప్పి గడ్డివాములో దాచాడు. తరువాత క్యాంపు వాళ్ల కంట పడకుండా కొట్టంలో పెట్టి జొన్నచొప్ప కప్పాడు. నడిచే మోటరు ఉన్న ఇల్లు అందరికీ కావాలి. నడవని మోటరును ఎవరూ అడగరు. పెట్రోలు కూడా ఒక డబ్బాలో దాచుకున్నదే తప్ప దొరికేది కాదు.

పాత బ్యాటరీ ఎట్లా పోయిందో చెబుతాను. మా ఊరికి కరెంటు లేదు. మామ రేడియో మోటరు బ్యాటరీతోనే పలికేది. మిలిట్రీ వస్తుందా రాదా అని దేశమంతా ఎదురుచూసిన ఆ దినాల్లో మా వాకిలి మనుషులతో నిండిపోయేది. పొద్దుగూకితే చాలు, మామ బ్యాటరీ తెచ్చి మంచం కింద పెట్టి వైర్లు తగిలించేవాడు. వినేవాళ్లు తింటూ వినేవారు, తాగుతూ వినేవారు, సగం మందికి ఆ భాష అర్థం కాకపోయినా కూర్చునేవారు. అట్లా బ్యాటరీ ఖాళీ అయింది. దాన్ని పక్క ఊరి పిండి గిర్నికి పంపితే అక్కడి ఇంజనుతో మళ్లీ ఛార్జింగ్ ఎక్కిస్తారు. కాని ఇంజనుకు నూనె దొరకక గిర్ని మూతపడి ఉంది. ఖాళీ బ్యాటరీ చలికాలమంతా కొట్టంలో ఒక మూలన పడి ఉంది. పైగా లోపల నీళ్లు తగ్గాయని మామ బావి నీళ్లు పోశాడు. మా బావి నీళ్లు కాచిన గిన్నెకు సున్నం పూసినట్టు తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్లు తాగి పెరిగిన మా పిల్లల పళ్లకు గారలే. మనుషుల పళ్లను తిన్న నీళ్లు బ్యాటరీని వదులుతాయా? గిర్ని తెరిచాక పంపిస్తే, లోపలంతా తెల్లగా పేరుకుపోయింది, ఇక ఇది ఛార్జింగ్ పట్టదు అని తిరిగి పంపారు.

ఇన్ని రోజులు లేని తొందర ఇప్పుడు ఎందుకు వచ్చిందంటే, మా ఆడబిడ్డ కోసం.

ఆమె మా ఆయనకు చెల్లెలు, మామకు ఒక్కతే బిడ్డ. కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఇది రెండో కాన్పు. మొదటిది అత్తగారి ఊళ్లో. అప్పుడు నొప్పులు ఎంతకూ తెగకపోతే ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోయారు. బండి చేరేసరికి బిడ్డ పోయింది, ఈమె మాత్రం మిగిలింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ మాట్లాడేది కాదు. వాకిట్లో ఎడ్లబండి కట్టిన చప్పుడు వింటే మాత్రం లేచి లోపలికి పోయేది. నేను గమనించేదాన్ని. మామ కూడా గమనించేవాడని నాకు తరువాత తెలిసింది.

అందుకే బ్యాటరీ. ఆ మాట మీద మామకూ నాకూ పేచీ లేదు. ఏది కొనాలన్న దగ్గరే వచ్చింది.

మరునాడు ఆడబిడ్డను వెంటబెట్టుకుని మా ఆయనా నేనూ నల్గొండ పోయాము. రోడ్డు దాకా బండి, అక్కడి నుంచి బస్సు. ముందు దవాఖానకు పోయాము. అక్కడి ఆడ డాక్టరు కడుపు మీద చేయి పెట్టి చూసి, బిడ్డ అడ్డంగా ఉంది, తిరిగితే తిరగవచ్చు, తిరగకపోవచ్చు, నొప్పులు మొదలైతే ఇంట్లో మంత్రసానిని నమ్ముకుని కూర్చోవద్దు, వెంటనే తీసుకురావాలి అంది. నెలలు నిండేదాకా నల్గొండలోనే ఉందామని కిరాయికి ఒక అర్ర కోసం తిరిగాము. పల్లెలు విడిచి వచ్చిన వాళ్లతో ఊరు కిక్కిరిసి ఉంది. పశువుల కొట్టాలకు కూడా కిరాయి అడుగుతున్నారు. అవీ ఖాళీ లేవు.

“వదినా, మల్ల బండిలనేనా?” అని అడిగింది ఆడబిడ్డ దవాఖాన మెట్ల మీద కూర్చుని.

“మోటరుల తీసుకొస్త. లే, చెమట తుడుచుకో” అన్నాను.

అన్నానే కాని, ఆ మోటరు ప్రాణం ఇంకా కొనలేదు.

బస్సుల అడ్డా పక్కన ఒక దుకాణంలో టైర్లు, ట్యూబులు, బ్యాటరీలు అమ్మేవారు. దుకాణందారు మా ఆయనకు మూడు చూపించాడు. ఒకటి పెద్దది, మామ చెప్పినట్టిదే. దాన్ని లాగడానికి అతను ఒంగి రెండు చేతులూ వేశాడు. రెండవది చిన్నది, కొత్తది, లోపల ఇంకా ఆసిడ్ పోయనిది. మూడవది పాత డబ్బాలో కొత్త రేకులు వేసి మరమ్మతు చేసినది, అన్నిటికంటే అగ్గువ.

అగ్గువ అన్న మాట వినగానే నా చెవి అటు పోయింది. పోకపోతే నేను నేను కాను. కాని దాని మూత కరిగించిన తారుతో మూసి ఉంది. లోపల ఏముందో కనబడదు. పసుపైనా, మిరపకాయైనా నేను విరిచి, వాసన చూసి కొనేదాన్ని. విప్పి చూడలేని సామాను అగ్గువకు వచ్చినా నాకు పిరమే. దాన్ని పక్కన పెట్టమన్నాను.

“పెద్దదే తీసుకోండ్రి. సెల్ఫు నొక్కితే సాలు, బుర్రుమంటది” అన్నాడు దుకాణందారు మా ఆయనతో.

నేను మా ఆయన వెనుక నిలబడి అడిగాను. “మోటరు నెలకోసారి గూడ కదలదు. ఊకె ఉంటే పెద్దది ఎక్కువ దినాలు బతుకుతదా, చిన్నది బతుకుతదా?”

“ఊకె ఉంటే ఏదైనా దిగిపోతదమ్మా. నడుమ నడుమ ఛార్జింగ్ పెట్టియ్యాలె. ఊకె ఉన్నా దిగని బాట్రీ లేదు లోకంల.”

నేను చదివింది వీధిబడిలో కొన్నాళ్లు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాను. ఆ డబ్బాల మీద ఉన్నది ఇంగ్లీషు. ఏది ఎంత బలమైనదో చదివి తెలుసుకునే దారి నాకు లేదు. అందుకని కొంగు నడుముకు బిగించి ముందుకు వచ్చి పెద్దదాన్ని ఎత్తబోయాను. కదిలింది కాని లేవలేదు. చిన్నదాన్ని ఎత్తాను. బరువే. ఇసుర్రాయి పైచిప్ప కంటే కాస్త ఎక్కువ. కాని చంకలోకి వచ్చింది. దానితో దుకాణంలో అటు నుంచి ఇటు నడిచి చూశాను.

దుకాణందారు నవ్వాడు. “అమ్మా, అది ఎత్తేటందుకు కాదు, మోటరుల పెట్టేటందుకు.”

“మోటరుల ఎవరు పెడ్తరు? గిర్నికి ఎవరు పంపుతరు? గిర్ని నుంచి వచ్చినంక ఎవరు దించుతరు?” అన్నాను.

మా ఆయన నా వైపు చూశాడు. “నేను లేనా?” అని మెల్లగా అన్నాడు.

“మీరు ఉంటే మీరే ఎత్తుండ్రి” అన్నాను.

అప్పుడు నాకు తోచింది ఇదే. దళం వాళ్లు పిలిచినా, క్యాంపు వాళ్లు పిలిచినా పోయేది మగవాళ్లే. ఇంట్లో మిగిలేది నేను, మామ, కడుపుతో ఉన్న మనిషి. నేను కదపలేని బ్యాటరీ ఎంత బలమైనదైతే ఏమి, పడ్డచోటే పడి ఉంటుంది. పడి ఉంటే చస్తుంది, పాతది చచ్చినట్టే. నేను ఎత్తగలిగినదైతే జొన్నలతోపాటు బండి మీద గిర్నికి పోతుంది, వస్తుంది. మామ అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర ఇంకా జవాబు లేదు. హ్యాండిల్ ఎవరు తిప్పుతారు? ఎత్తడం గురించి ఆలోచించిన దాన్ని తిప్పడం గురించి ఆలోచించలేదు. అది మామ అన్న మాటే కనుక పక్కకు నెట్టేశాను.

చిన్నదే కొన్నాము. ఆసిడ్ మా కళ్ల ముందర పోయమన్నాను. మొదటి ఛార్జింగ్‌కు దుకాణంలోనే ఉంచాలంటే ఉంచి, మా ఆయన మళ్లీ పోయి గడ్డిలో చుట్టి బస్సు మీద తెచ్చాడు.

మామ దాన్ని చుట్టూ తిరిగి చూశాడు. “అరేయ్, గిది బాట్రీయా, అగ్గిపెట్టెనా?” అన్నాడు.

“అగ్గిపెట్టె సాలు పొయ్యి ముట్టియ్యనీకి అని చెప్పుండ్రి” అన్నాను.

మామ దగ్గాడు.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది నేను ఎవరినీ అడగలేదు. మా ఇంట్లో తొక్కు పచ్చళ్ల జాడీలకు ఒక చిన్న అర్ర ఉంది. ఎండు నేల, చెక్క పీటలు, చెమ్మ తగలదు. స్నానం చేయకుండా ఎవరూ ఆ అర్రలో కాలు పెట్టరు. మగవాళ్లు అసలే రారు, తొక్కు పాడైతే వాళ్ల మీదికి వస్తుందని భయం. మామిడి తొక్కు జాడీలకు దూరంగా ఒక మూలన పీట వేసి, దాని మీద బ్యాటరీని పెట్టాను. వైరు తగిలించకుండా, మూత పొడి గుడ్డతో తుడిచి పెట్టాను. మఖ కార్తెలో వాన పడ్డప్పుడు మొదటి నీళ్లు వదిలేసి, తరువాతి నీళ్లు కడిగిన జాడీలోకి గుడ్డ కట్టి పట్టాను. బ్యాటరీలో నీళ్లు తగ్గితే ఆ వాన నీళ్లే. తాళం నా కొంగున.

రేడియో మూగపోయింది. మామ సాయంత్రాలు దాని ముందర కూర్చుని, ఒక గుడ్డతో తుడిచి, బొత్తాం తిప్పి, మళ్లీ తిప్పి లేచేవాడు. అన్నం తగ్గించాడు. ఆడబిడ్డ నా దగ్గరికి వచ్చి, “వదినా, నాయినను జూస్తే పాపమనిపిస్తాంది” అంది. నేను కఠినురాలినని ఊరంతా అంటారు, నేను కాదనను. కాని వినడం అలవాటైన మనిషికి ఏమీ వినబడకపోతే ఎట్లా ఉంటుందో నాకూ తెలుసు. అందుకని ఒక ఏర్పాటు చేశాను. జొన్నలు పట్టించడానికి బండి గిర్నికి పోయినప్పుడల్లా బ్యాటరీ కూడా పోయేది. నిండుగా వచ్చిన ఆ సాయంత్రం మాత్రం మామ వార్తలు వినవచ్చు. వార్తలు కాగానే మళ్లీ అర్రలోకి. ఆ మాట దర్వాజకు చెప్పాను. దర్వాజ అవతల ఒకటి కాదు, రెండు దగ్గులు వినబడ్డాయి.

అట్లా వానలు వెనుకపట్టాయి, వేరుశనగ పీకుడు మొదలైంది. ఒకనాడు పొద్దున్నే క్యాంపు వాళ్లు వచ్చారు. రోడ్డు మీద వరుసగా చెట్లు పడి ఉన్నాయట. మా ఆయనతో సహా గొడ్డలి పట్టగలిగిన మగవాళ్లందరినీ తోలుకుపోయారు. పని అయ్యేదాకా అక్కడే ఉండాలన్నారు. ఆ రోజే ముందుగా అనుకున్నట్టు మా జీతగాడి భార్య బండి తోలుకుని గిర్నికి పోయి వచ్చింది. బ్యాటరీ నేనే దించాను. మాట ప్రకారం మామ ముందర పెట్టాను.

ఆయన వైర్లు తగిలించాడు. పాటలేవో అయ్యాయి. వార్తలు మొదలయ్యాయి. లోపలి నుంచి ఆడబిడ్డ “వదినా” అని పిలిచింది. ఆ పిలుపు ఎట్లాంటిదో ఇద్దరమూ గుర్తుపట్టాము. పోయి చూశాను. నొప్పులు సన్నగా మొదలయ్యాయి. మంత్రసానికి మనిషిని పంపి, బ్యాటరీ తీసుకుందామని వాకిట్లోకి వచ్చాను. ఎట్లా అడగాలి? మా ఆయన లేడు. దర్వాజ వెనక్కు పోయి చెప్పే ఓపిక నాకు లేదు.

అడగవలసిన పని పడలేదు. వార్తలు చదువుతుండగానే మామ వైర్లు పీకేశాడు. బ్యాటరీని తన చేతులతో ఎత్తి తొక్కు జాడీల అర్ర గడప మీద పెట్టి, లోపలికి కాలు పెట్టకుండా పక్కకు జరిగాడు. రేడియోలో మనిషి మాట సగంలో ఆగిపోయింది.

ఇంకా వెలుగు ఉంది కాని మోటరు తీస్తే దారిలోనే చీకటి పడుతుంది. మంత్రసాని వచ్చి చూసి, బిడ్డ తిరగలేదు, తెల్లారేదాకా ఆగుతుంది, రేపు మిట్టమధ్యాహ్నం దాకా మాత్రం తన చేత కాదు అంది. ఆ రాత్రి ఎట్లా గడిచిందో రాయను. గడిచింది.

మరునాడు తొలికోడి కూయగానే నేను చొప్ప తీసేసి, అర్రలోంచి బ్యాటరీని చంకలో పెట్టుకుని కొట్టానికి తెచ్చాను. మామ వైర్లు బిగించాడు. ఆడబిడ్డను మంత్రసాని పట్టుకుని వెనుక సీట్లో పడుకోబెట్టింది. మామ కూర్చుని సెల్ఫు నొక్కాడు. లోపల ఏదో టక్కుమంది, అంతే. మళ్లీ నొక్కలేదు. నొక్కితే ఉన్న ప్రాణం కూడా పోతుంది. ఇంజను తిప్పే బలం ఆ బ్యాటరీకి లేదు. తిప్పేది మనిషైతే, లోపల రవ్వ పుట్టించే ప్రాణం మాత్రం దానికి ఉండాలి. ఉందో లేదో, రేడియో ఎంత తిన్నదో ఎవరికి తెలుసు?

మామ దిగి హ్యాండిల్ పెట్టి తిప్పాడు. సగం తిరిగి ఆగిపోయాడు. ఎదురొమ్ము పట్టుకుని దగ్గసాగాడు. ఈసారి ఆ దగ్గుకు వేరే అర్థం ఏమీ లేదు. ఊళ్లో పిలవడానికి బలమున్న మగవాడు లేడు. నేను కొంగు బిగించి హ్యాండిల్ అందుకున్నాను. ఆయన పోయి స్టీరింగ్ ముందర కూర్చున్నాడు.

“హ్యాండిల్ తిప్పేటోళ్లు బొటనవేలు సుట్టుకోవద్దు” అన్నాడు, మోటరు దర్వాజను చూస్తూ. “వెనకకు తంతది.”

నాకు అర్థం కాలేదు. గుప్పిట బిగించి పట్టుకున్నాను.

“గట్ల కాదు బిడ్డా” అన్నాడు మామ, ఈసారి నన్నే చూసి. “బొటనవేలు గూడ మిగిలిన వేళ్ల దిక్కే పెట్టు. లేకుంటే చెయ్యి ఇరుగుతది. కిందికెల్లి మీదికి గుంజు.”

అట్లాగే పట్టి గుంజాను. తిరగలేదు. మళ్లీ గుంజాను. వెనక్కు తన్నింది. చేయి భుజం దాకా జివ్వుమంది, విరగలేదు. “జర ఆగు” అని ఆయన లోపల ఏదో పిడి లాగి, “ఇగ గుంజు బిడ్డా” అన్నాడు. ఉన్న బలమంతా పెట్టి గుంజాను. ఇంజను దగ్గింది, ఆగబోయింది, అందుకుంది. కొట్టంలో ఎడ్లు బెదిరి పలుపులు గుంజాయి.

“ఎక్కు, ఎక్కు” అన్నాడు.

తెల్లవారుతుండగా రోడ్డెక్కాము. క్యాంపు దగ్గర ఆపారు. లోపలికి తొంగి చూసి వదిలేశారు. కొంత దూరం పోయాక రోడ్డు మీద ఒక పెద్ద వేపచెట్టు ఇంకా అడ్డం ఉంది. దాన్ని నరుకుతున్న వాళ్లలో మా ఆయన ఉన్నాడు. మోటరును చూసి గొడ్డలి పడేసి పరుగెత్తుకొచ్చాడు. చెల్లెలిని చూశాడు. తరువాత, ఇంజను ఆగకముందే దారి ఇవ్వమని మామ చేతితో సైగ చేస్తుంటే అడిగాడు.

“నాయినా, హ్యాండిల్ ఎవరు తిప్పిండ్రు?”

“నీ పెండ్లాం” అన్నాడు మామ. “చెట్టు జరుపు, ఊకె జూస్తున్నవు.”

అందరూ పట్టి కొమ్మ ఒకవైపు ఈడ్చి మోటరు పట్టేంత జాగా చేశారు. మా ఆయనను మాతో పంపమంటే జవాను ఒప్పుకోలేదు. ఆయనను అక్కడే వదిలి పోయాము.

ఎండ ముదరకముందే దవాఖాన చేరాము. ఆడ డాక్టరు ఆడబిడ్డను లోపలికి తీసుకుపోయింది. మామ బయట మోటరు పక్కనే నిలబడ్డాడు, నేను మెట్ల మీద కూర్చున్నాను. పొద్దు నడినెత్తికి రాకముందే లోపల పిల్ల ఏడ్చింది. ఆడపిల్ల. తల్లికి ప్రాణభయం లేదని నర్సు వచ్చి చెప్పింది.

మామ తువ్వాలతో ముఖం తుడుచుకుని, మోటరు ముందర రేకు ఎత్తాడు.

“వైరు ఇప్పాల్నా, ఉండనియ్యాల్నా?” అని నన్ను అడిగాడు.

“ఇప్పుండ్రి మామా” అన్నాను.

విప్పాడు.